నలభై రెండో రోజు

రాయడం ముసలితనంలో నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

భౌతికశాస్త్రం చదివిన ఒకాయన, ఒంట్లో కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఎలా ముసలివవుతాయో ముప్పై ఏళ్లుగా కంప్యూటర్లో లెక్కకట్టేవారు. తెర మీద ఒక్కో చుక్క ఒక్కో కణం. కూతురు ఎముక మజ్జ జబ్బుతో పోయాక, ఆ పిల్ల కణాల అంకెలే వేసి ఆ లెక్కను రోజూ రాత్రి నడిపేవారు. అంకెలు మార్చకపోతే ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం రావాలి. నలభై ఒకటో రోజున చివరి చుక్క ఆరిపోయేది. పిల్ల పోయింది కూడా ఆసుపత్రిలో చేరిన నలభై ఒకటో రోజునే.

ఒక రాత్రి ఆ చుక్క ఆరలేదు. తెర మీద నలభై రెండు పడింది. కంప్యూటర్ గుర్రుమనడం తప్ప ఇంట్లో అలికిడి లేదు. ఆయన అంకెలన్నీ మళ్లీ సరిచూశారు. ఒక్కటీ మారలేదు. చుక్క రెండైంది.

"ఏమేవ్, ఇలా రా!"

"మీరు ఆ పెట్టెనే కట్టుకోవాల్సింది," అని గొణుగుతూ వచ్చిన భార్య, తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎక్కడో తప్పు చేసుంటాను. ఆపేసి మళ్లీ మొదలుపెడతా."

ఆమె దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మళ్లీ మొదలుపెడితే నలభై ఒకటికే పోతుందేమోనండీ. తప్పైతే తప్పే. ఉండనివ్వండి దాన్ని."

చుక్కలు నాలుగయ్యాయి.

— ఆ భార్యను నేనే, పాప అమ్మను, డెబ్బై మూడేళ్లు. ఆయనా పోయాక ఇప్పుడు ఒక్కదాన్నే, ఆ కంప్యూటర్ గదిలోనే పడుకుంటున్నాను.