ప్రేమగా తీసేసే పని

మా కోడలు మేనేజ్‌మెంట్ ప్రొఫెసరు. ఉద్యోగుల మనసులు చదవడంలో పేరు మోసిన మనిషి. నేను వంటింట్లో బఠాణీలు ఒలుస్తుంటే, పక్కనే బల్ల దగ్గర కూర్చుని కంప్యూటర్లో పిల్లలకు పాఠం చెబుతోంది.

"తెలివైన కంపెనీ ఎవర్నీ పొమ్మనదు. చేతిలో పని ఒక్కొక్కటే తీసేస్తుంది, అదీ ప్రేమగా. కొన్నాళ్ళకు మనిషి తనే సర్దుకుని పోతాడు."

పాఠం అయ్యాక ఉండబట్టలేక అడిగాను.

"అలాంటివాళ్ళు ఎక్కడికి పోతారమ్మా?"

"అది నా సబ్జెక్టు కాదత్తయ్యా. ప్రతిదానికీ మీకో భయం."

లేచి వచ్చి, నా ఒళ్ళోని బఠాణీల గిన్నె పట్టుకుంది.

"వంట ఎలాగూ మాన్పించాను, పూలకుండీలూ పనిమనిషి చూసుకుంటోంది. ఇంకా ఇవెందుకు మీకు? హాయిగా పడుకోండి."

నేను గిన్నె వదల్లేదు.