సముద్రం తవ్విన చోటు

"అక్కా, మీ బండి కాస్త పక్కకి తీస్తారా?"

సముద్రపు గోడ వెంబడి కాలిబాట మీద టోపీలూ, చలవ కళ్లద్దాలూ అమ్ముకునే ఆవిడ తలెత్తి చూసింది.

భుజాన సంచీ, చెమటకి తడిసిన చొక్కా. ఎవరో ఒకతను, పసిపిల్లల్ని తోసుకెళ్లే బండి లాంటిదాన్ని తోసుకొస్తున్నాడు. అందులో పిల్ల లేదు, ఒక పెట్టె ఉంది. పైన చిన్న తెర.

"ఎందుకూ?"

"ఇది రాడార్ మిషనక్కా. నేల లోపల ఏముందో చూపిస్తుంది. మీ కాళ్ల కింద డొల్ల. అలలు గోడ సందుల్లోంచి ఇసుకంతా లాగేశాయి. పైన పలకలే మిగిలాయి."

ఆవిడ మడమతో పలకని గట్టిగా తొక్కింది.

"చెక్కుచెదరలేదు చూడు. నన్ను లేపెయ్యడానికి మీ మున్సిపల్ ఆఫీసువాళ్లు రోజుకో వేషం వేస్తారు. టోపీలమ్మేదానికే టోపీ పెడదామనా?"

అతను నవ్వేశాడు. పక్కకెళ్లి ఫోన్ చేశాడు.

"సార్, ఒక్కసారి వచ్చి చూడండి సార్... హలో... సార్..."

అవతల పెట్టేసినట్టున్నారు.

మిషన్ని దారికి అడ్డంగా నిలిపి, వచ్చేపోయేవాళ్లని చుట్టూ తిరిగి వెళ్లమని బతిమాలసాగాడు.

"దారి మీ తాతదా?" అన్నాడొకడు.

ఇంతలో బస్సొచ్చింది. అతను దానివంక చూశాడే గానీ ఎక్కలేదు.

"నీ బస్సేనా?" అడిగిందావిడ.

"పోనీండక్కా. ఇంకోటొస్తుంది."

"ఎండకి మాడిపోతున్నావ్. ఎవరికోసమయ్యా ఇదంతా?"

"మీరక్కడ నిలబడుంటే నాకు కాలు కదలట్లేదు."

ఆవిడ గొణుక్కుంటూనే బండి కదిలించింది. అతనూ ఓ చెయ్యేశాడు.

పొద్దువాలుతుండగా అలలు గోడని ఒకటే బాదడం మొదలెట్టాయి. ఉన్నట్టుండి దభేలుమంది.

ఇందాక బండి ఉన్న చోట మనిషి లోతు గొయ్యి. అడుగున నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

జనం మూగారు. పోలీసులొచ్చి తాడు కట్టారు. ఆవిడ తేరుకుని చుట్టూ చూసేసరికి అతను లేడు. బస్సు మలుపు తిరుగుతోంది.

కాసేపటికి జీపులోంచి మున్సిపల్ ఆఫీసు ఇంజనీరు దిగాడు. ఆవిడ ఎదురెళ్లింది.

"మీ మనిషి బంగారం సార్! ఒక్కరికీ గీత పడలేదు. పాపం, గుక్కెడు మంచినీళ్లైనా ఇవ్వలేదు నేను. రేపు డ్యూటీకొస్తే ఇటు పంపండి."

ఇంజనీరు గొయ్యిలోకే చూస్తూ జేబులు తడుముకున్నాడు. నలిగిన కార్డొకటి తీసి నంబరు నొక్కాడు.

"అతన్నే వెనక్కి రమ్మంటున్నానమ్మా. ఈ గోడ పొడుగునా ఆ మిషన్‌తో చూడాలి."

"రమ్మనడమేంటి సార్? మీ ఆఫీసులోనేగా పని?"

ఆయన ఫోన్ చెవికి ఆనించుకుని మెల్లగా అన్నాడు.

"కాదమ్మా. ఆ మిషన్ అమ్మడానికి పొద్దున మా ఆఫీసుకొస్తే, ఇక్కడి నేలకి అలాంటివి అక్కర్లేదని నేనే పంపించేశాను."