గాలి కొట్టే చెయ్యి

"లే, పోదాం. బస్సు తప్పిపోతది," మళ్లీ అన్నాడు ముత్యం.

"ఇంకా మస్తు బస్సులున్నయి. జర కూసో," అంది భార్య బాలలక్ష్మి.

పక్షవాతంతో పడిపోయిన ముత్యం ఎడమ చేతిని కరీంనగర్ దవాఖానాలో చూపించుకుని సుల్తానాబాద్ తిరిగిపోవలసినవాళ్లు. "పెద్ద హార్మోనియం వాయిస్తరట" అంటూ ఆమే అతన్ని చర్చిలోకి లాక్కొచ్చింది. భార్యతో కలిసి జర్మనీ నుంచి వచ్చిన కళాకారుడొకడు పాత ఆర్గన్ మీద మూడువందల ఏళ్ల కిందటి బరోక్ సంగీతం వాయిస్తున్నాడు.

ముత్యం కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. ఊరి భజనలో హార్మోనియం అతనిదే. మెట్లు నొక్కే కుడిచెయ్యి బాగానే ఉంది; గాలి కొట్టే ఎడమ చెయ్యే లేవదు. "గాలి నేను కొడుత" అని బాలలక్ష్మి అన్నప్పుడల్లా, "ఒక్క పెట్టెకు ఇద్దరా? ఊరంత నవ్వుతది" అని కసిరేవాడు.

"రెండు చేతులు మెట్ల మీదనే ఉన్నయి," అన్నాడు ఉన్నట్టుండి. "కాళ్లతోని గూడ వాయిస్తుండు. మరి గాలి ఎవలు కొడుతుండ్రు?"

"నాకేం ఎరుక?"

ఉండబట్టలేక లేచి, గోడవారగా ముందుకు నడిచాడు. ఆర్గన్ వెనకాల ఆ కళాకారుడి భార్య చెమటలు కారుతుండగా గాలితిత్తికి బిగించిన పొడవాటి కర్రను పైకీ కిందికీ ఆడిస్తోంది.

పాట అయిపోయింది. చప్పట్ల మధ్య ఆయన ఆమెను చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాడు. ఇద్దరూ తలలు వంచారు. ఎవరూ నవ్వలేదు.

ముత్యం వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. బస్సు మాట ఎత్తలేదు.

"నీ చెయ్యి నొస్తదేమోనే," అన్నాడు మెల్లగా.

బాలలక్ష్మికి అర్థం కావడానికి క్షణం పట్టింది.

"నొస్తే చెయ్యి మార్చుకుంట. నువ్వైతే పాట ఆపకు."