విడవని లైన్లు

చీకటి పడేసరికి ఆ చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు నిండిపోయింది. ఎవరూ మాట్లాడటం లేదు. అయినా రెండు ఫోన్లను కలిపే తీగెల్లో ఒక్కటీ ఖాళీ లేదు. వారం రోజులుగా ఇదే వరస. ఇందాక మానుకోట నుంచి ఎవరో డాక్టరు కోసం ఏడుస్తూ ఫోన్ చేస్తే, కలపడానికి తీగె దొరకలేదు.

ఈ రాత్రి సంగతి తేల్చాలనుకుంది ఆపరేటర్ రుక్మిణి. అడగకుండా తీగె లాగకూడదన్నది అక్కడి పద్ధతి. హెడ్‌ఫోను పెట్టుకుని మొదటి లైన్లో అడిగింది.

"అయిపోయిందా?"

"ఇంకా లేదు బిడ్డా." ముసలి గొంతు.

రెండో లైన్లో అదే గొంతు. మూడో దాంట్లోనూ అదే.

రుక్మిణి కుర్చీలోంచి ఎగిరి లేచింది. "ఎల్లస్వామన్నా, దొరికింది! ఒక్క అవ్వనే అన్ని లైన్లు పట్టుకొని కూసున్నది. ఇంకా లేదు అంటుంటే పగటి డ్యూటీల నిర్మల మర్యాదకు తీగెలు తీస్తలేదు. ఏ ఊరి లైనో ఇప్పుడే పట్టేస్త!"

మెకానిక్ ఎల్లస్వామి టార్చి తీసుకుని బోర్డు వెనక్కి వెళ్లాడు.

ఏ తీగె లాగితే గొంతు ఆగుతుందో, ఆ లైనే దొంగ. మరిపెడ లైను లాగింది. గొంతు ఆగలేదు. బచ్చన్నపేట లాగింది. ఆగలేదు. చివరికి తీగెలన్నీ ఖాళీగా వేలాడాయి.

"ఇప్పుడు అయిపోయిందా అవ్వా?" అంది గెలిచినట్టు.

"ఇంకా లేదు బిడ్డా."

ఎల్లస్వామి తల బయటపెట్టాడు. అతని చేతిలో హెడ్‌ఫోను తీగె కొస ఉంది.

"అక్కా, గిది ఎప్పుడో ఊడి కింద పడ్డది. ఇంతసేపు ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

రుక్మిణి హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"పెట్టెయ్యకు బిడ్డా," అంది గొంతు, చెవి దగ్గరే.