జేబు లేని చొక్కా

నామినేషన్‌కు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. రిటైర్డ్ కల్నల్ వీరాంజనేయులు నరసరావుపేటలో అన్సార్ టైలరింగ్ షాపుకు వచ్చి, కొలతలకు నిలబడ్డారు.

"తెల్ల చొక్కాలు పది. మిల్లు ఓనరు గారు గుడ్డ ముందే పంపారు సార్," అన్నాడు అన్సార్, టేపు తీస్తూ.

"ఎడమ వైపు ఒక జేబు పెట్టు."

"జేబులొద్దన్నారు సార్. జేబు లేకపోతే డబ్బు తినరని జనానికి నమ్మకం కుదురుద్దంట."

ఆ సంగతి కల్నల్‌కు ఎవరూ చెప్పలేదు. టిక్కెట్టు ఇప్పించింది మిల్లు ఓనరే. ప్రచారం బళ్లూ ఆయనవే. పోయిన వారం ప్రసంగంలో సాగర్ కాలువ నీళ్ల గురించి తను రాసుకున్న నాలుగు మాటలనూ ఆయన మనుషులే కొట్టేశారు.

"కళ్లజోడు పెట్టుకోడానికయ్యా. మిలిటరీలో ముప్పై ఏళ్లు రెండు జేబుల చొక్కా వేశాను. ఒక్కటి కుట్టు. నేను చెప్తున్నాను."

ఆర్డరేసినట్టు మొదలుపెట్టిన మాట, చివరికొచ్చేసరికి బతిమాలినట్టు అయింది.

అన్సార్ టేపు చుట్టి మెడలో వేసుకున్నాడు.

"ఏమనుకోబాకండి సార్, నా చేతుల్లో ఏం లేదు. మీ మీద పోటీ చేసే ఆయన కూడా నిన్న వచ్చాడు. ఆయన చొక్కాలకు గుడ్డ పంపింది కూడా ఈ ఓనరు గారే."

గొంతు తగ్గించాడు.

"పాపం, ఆయన కూడా జేబే అడిగాడు."