అద్దె ఇంటికి అరువు యాస

“నువ్వు నోరు తెరవకు. ‘అండీ’ అన్నావంటే ఇల్లు పోయినట్టే,” గేటు ముందు భార్యను మరోసారి హెచ్చరించాడు ప్రసన్నకుమార్.

అలేఖ్యకు ఎనిమిదో నెల. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తు మెట్లు ఎక్కలేకపోతోంది. నెలరోజులు వెతికాక గడ్డిఅన్నారంలో కింది వాటా ఒకటి ఖాళీగా ఉందని తెలిసింది. “ఇంటామె మొదట అడిగేది మీరు ఆంధ్రావాళ్ళా అనే,” అన్నాడు బ్రోకర్. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. గేటు మీద ‘జై తెలంగాణ’ అని రాసి ఉంది. ప్రసన్నకుమార్‌కు అంతకన్నా వివరం అక్కర్లేదు. ఆఫీసు అటెండర్ జానయ్య దగ్గర వారం రోజులు యాస నేర్చుకున్నాడు.

“నిజం చెబుదామండీ. కాదంటే ఇంకోటి చూసుకుందాం,” అంది అలేఖ్య.

“నీకు లోకం తెలీదు,” అన్నాడు, అదంతా తను చదివేసినట్టు.

ఇంటావిడ సైదమ్మ వాళ్ళను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

“ఏ ఊరు మీది? ఆంధ్రనా?”

“గట్లంటరేందమ్మా! మాది సూర్యాపేట.”

“సూర్యాపేటల ఏడ?”

“బస్టాండ్ ఎనక.” ఏ ఊళ్ళోనైనా బస్టాండ్ వెనక నాలుగిళ్ళుంటాయని అతని ధైర్యం.

సైదమ్మ అలేఖ్య వైపు తిరిగింది. “ఎన్నో నెల బిడ్డా?”

“ఎనిమిదోదండీ.”

సైదమ్మ కళ్ళు మెరిశాయి. దొరికిపోయామనుకున్నాడు ప్రసన్నకుమార్.

“విజయవాడ హాస్టల్ల చదివింది. గా మాటలే పట్టుకున్నది!” గబగబా సర్దాడు. “ఇంట్ల మస్తుగ మన మాటే మాట్లాడ్తది.”

సైదమ్మ ముఖంలో వెలుగు తగ్గింది. ఇంకా నమ్మలేదనుకుని పిడికిలెత్తి “జై తెలంగాణ!” అన్నాడు. అలేఖ్య తల దించుకుంది.

“జై తెలంగాణ,” అంది సైదమ్మ నెమ్మదిగా. “మంచోళ్ళే ఉన్నరు. గానీ ఇల్లు ఇయ్యలేను. ఏమనుకోకుండ్రి.”

ఎక్కడ దొరికిపోయాడో అతనికి అంతుపట్టలేదు. “మేమేమన్న తప్పు మాట్లాడినమా అమ్మా?”

“మీ తప్పేం లేదు.” లోపలి గది వైపు చూసి ఆమె గొంతు తగ్గించింది. “మా కోడలు ఈడికొచ్చి ఆర్నెల్లాయె. ముచ్చట పెట్టెటోళ్ళు లేక పొద్దంతా ఒక్కతే కూసుంటది. ఆమె దిక్కోళ్ళకే ఇల్లియ్యాలని చూస్తున్న.”

అలేఖ్య ఇక ఆగలేకపోయింది.

“ఆవిడది ఏ ఊరండీ?”

“తెనాలి, బిడ్డా.”