రిపేరు చేసిన కన్ను

“మళ్లీ నలుపుతున్నారు!”

డాక్టరమ్మ అతని చెయ్యి పట్టుకుని కిందికి దించింది. వాచీ మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. కళ్లు నలుపుకోవడం అతనికి చిన్నప్పటి అలవాటు.

“చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది డాక్టరమ్మా! మీరైనా రెండు తగిలించండి,” అంది పక్కనే కూర్చున్న అతని అక్క.

“నలుపుకుంటే ఆ క్షణానికి ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసమ్మా. తర్వాత ఎంత నష్టమో కూడా తెలుసు.”

వాచీకి అద్దం ఎలాగో, కంటికి ముందుండే పారదర్శకమైన పొర అలాగ. అతని ఎడమకన్ను చిన్నప్పట్నుంచీ మసకే. కుడికంట్లో ఆ పొర పల్చబడి శంకువులా ముందుకు పొడుచుకొస్తోంది. గట్టి కాంటాక్టు లెన్సులు కొన్నాళ్లు ఆదుకున్నాయి. ఇప్పుడవీ ఆ కంటి మీద నిలవడం లేదు. పొర మందంలోనే నెలవంకల్లాంటి రెండు సన్నటి ప్లాస్టిక్ ముక్కలు అమరిస్తే ఉబ్బు అణిగి చూపు తేటపడుతుందని డాక్టరమ్మ చెప్పడం ఇది మూడోసారి.

“దీపం వైపు చూస్తే ఒకటి కాస్తా నాలుగైపోయి, ఒక్కోదానికీ ఒక తోక వేలాడుతుంది కదూ?” అంది.

“అచ్చం అలాగే! మీకెలా తెలుసు?”

“ఇన్నేళ్లుగా ఈ జబ్బుతోనే కదా నా కాపురం.”

అతను కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. “ఒక్క దుమ్ము రేణువు పడితే వాచీ ఆగిపోతుంది మేడం. మీరేమో కంట్లో ఏకంగా ముక్కలే పెడతానంటున్నారు.”

“దుమ్ము దారితప్పి పడుతుంది. నేను కొలిచి పెడతాను.”

అక్క ఫక్కున నవ్వింది. అతను నవ్వలేదు.

“చూపు వస్తుందనే అనుకుందాం. మా యజమాని నెలాఖరు దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత పనిబల్ల వదిలేసి, కౌంటర్లో నిలబడి వాచీ పట్టీలు అమ్మమన్నాడు. నాకు చేతనైంది ఆ బల్ల ఒక్కటే. రిపేరు చేసిన కన్నుతో అంత సన్నపని ఎవరైనా చేయగలరా?”

“చేసేవాళ్లున్నారు.”

“ఒక్కరిని చూపించండి.”

ఆమె కళ్లజోడు తీసి, నిదానంగా తుడుచుకుని పెట్టుకుంది. “చూపిస్తాను. ముందు మీ చూపు బాగుపడనివ్వండి.”

“రిపేరు మీద వీడికున్న నమ్మకం అంతంతమాత్రమే! ఊరందరి వాచీలూ బాగుచేస్తాడు, వాడి చేతివాచీ ఆగిపోయి ఆరేళ్లు,” అంది అక్క.

అతను జేబులోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. అందులో అతని భూతద్దం, పనిముట్లు, మూత విప్పిన ఆడవాళ్ల వాచీ ఒకటి, కాగితం మడతలో నలుసంత స్క్రూ ఒకటి ఉన్నాయి.

“ఏమీ అనుకోకండి మేడం. మా బల్ల దగ్గర కూర్చోవాలంటే ఎవరైనా ఈ స్క్రూ బిగించాల్సిందే. నా కంటి మీద చెయ్యేసేవాళ్ల చెయ్యి ఎలాంటిదో, కన్ను ఎలాంటిదో నాకు తెలియాలి కదా.”

“ఒరేయ్, సిగ్గులేదట్రా! డాక్టరుకే పరీక్ష పెడతావా?” అక్క తల పట్టుకుంది.

“ఉండమ్మా, న్యాయమే అడిగారు.”

ఆమె కళ్లజోడు పక్కన పెట్టి, అతని భూతద్దం కంటికి తగిలించుకుంది. మోచేతులు బల్లకి ఆన్చి, ఊపిరి బిగబట్టింది. సన్నటి పట్టకారుతో స్క్రూ ఎత్తి, ఒక్క విడతలో దాని గుంటలో నిలిపి బిగించింది.

అతను వాచీకి కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల గుండె కొట్టుకుంటోంది. చాలాసేపు విన్నాడు.

“నేనే మూడుసార్లు ఎగరగొట్టాను ఆ స్క్రూని,” అన్నాడు నెమ్మదిగా. “సంతకం ఎక్కడ పెట్టాలి?”

అక్క అతని వేలు పట్టుకుని గీత మీద ఆనించింది.

ఆపరేషన్ పావుగంట కూడా పట్టలేదు. చుక్కల మందుకి కన్ను మొద్దుబారిపోయింది. “ఇప్పుడు నొక్కినట్టుంటుంది. తర్వాత అంతా చీకటి. కంగారుపడకండి, పది అంకెలు లెక్కపెట్టండి, వెలుగొచ్చేస్తుంది,” అంది ఆమె. అతను తొమ్మిది దాకా లెక్కపెట్టేసరికి వెలుగొచ్చింది.

మర్నాడు పొద్దున్న కంటి మీది మూత తీశారు. ముందు నీళ్లు కారాయి. తర్వాత గోడ మీద గడియారం కనబడింది. అంకెలింకా కాస్త మసగ్గానే ఉన్నాయి గానీ, నిన్నటిదాకా ఆరున్న ముళ్లు ఇవాళ రెండే.

పక్కకి తిరిగాడు. “అక్కా, నీకిన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?”

“ఆ మూత మళ్లీ పెట్టేయండి డాక్టరమ్మా!” అంది అక్క, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

అతని నవ్వు ఎంతోసేపు నిలవలేదు. “మేడం, రిపేరు చేసిన కన్నుతో సన్నపని చేసేవాళ్లని చూపిస్తానన్నారు. ఎప్పుడొస్తారు?”

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని కళ్లజోడు తీసింది. కిటికీ ఎండ ఆమె ముఖం మీద ఏటవాలుగా పడుతోంది. మందు చుక్కలు వేస్తుందనుకుని అతను తల వెనక్కి వాల్చాడు.

“పైకి కాదు. ఇటు, నా కళ్లలోకి చూడండి.”

ఆ రెండు కళ్లలోనూ సన్నటి నెలవంకలున్నాయి.